చిత్తు కాగితాల్లో ఒక నగరం

1969 అక్టోబరులో అమెరికా రాజధాని వాషింగ్టన్ డీసీలోని కొన్ని బార్లలో ఒక కాగితం కనిపించింది. ఒకటే కాగితం. మామూలు టైపు కాగితం సైజు, సైక్లోస్టైల్ మీద తీసింది. పైన పేరు: ది గే బ్లేడ్. స్టెన్సిల్ కోసి, ఇంకు పూసి, చేత్తో తిప్పుతూ ఒక్కో ప్రతీ తీసే ఆ మెషీను మన దగ్గర కూడా చాలామందికి గుర్తే. యూనియన్ కరపత్రాలూ, పరీక్ష పేపర్లూ, కుర్రాళ్ళ కవిత్వాలూ దాని మీదే వచ్చేవి. చేతికి అంటే ఆ ఇంకు వాసన ఒకసారి పట్టుకుంటే వదిలేది కాదు.

ఆ కాగితంలో గొప్ప సిద్ధాంతాలేం లేవు. ఇరుగుపొరుగు కబుర్లలాంటి చిన్న చిన్న ప్రకటనలు. వాటిలో ఒక హెచ్చరిక మాత్రం చదివి ఆగిపోతాం: డ్యూపాంట్ సర్కిల్ చుట్టుపక్కల తరచూ కనిపించే కార్ల నంబర్లు ఎవరో రాసుకుంటున్నారు, తర్వాత ఆ కార్ల యజమానులను బెదిరించి డబ్బు గుంజుతున్నారు, జాగ్రత్త.

కారు నంబరు తెలిస్తే మనిషిని ఎందుకు బెదిరించొచ్చు? ఆ ఊరి ఆయువుపట్టు తెలిస్తే గాని ఇది అర్థం కాదు. వాషింగ్టన్ ప్రభుత్వోద్యోగుల ఊరు. 1953లో అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ సంతకం పెట్టిన 10450 నంబరు ఉత్తర్వు ప్రకారం స్వలింగ ప్రేమికులకు ఫెడరల్ ఉద్యోగాలలో చోటు లేదు. అనుమానం వస్తే విచారణ, తేలితే బర్తరఫ్. హార్వర్డ్‌లో ఖగోళశాస్త్రంలో డాక్టరేటు చేసిన ఫ్రాంక్ కమెనీని సైన్యం మ్యాపుల విభాగం 1957లో అలాగే తీసేసింది. అతను సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 1961లో కోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు. ఆ ఏడే అతను, మరికొందరు కలిసి మాటషీన్ సొసైటీ ఆఫ్ వాషింగ్టన్ పెట్టారు. ఆ సంఘం నీడలోంచే ఈ ఒంటికాగితం పత్రిక పుట్టింది.

పత్రిక మొదలుపెట్టిన ఇద్దరిలో నాన్సీ టకర్ సొంత పేరుతోనే ఉంది. రెండో అతని పేరు ఆర్ట్ స్టోన్. అది మారుపేరు. ఈ వ్యాసం అంతా ఒకరకంగా ఆ మారుపేరు గురించే.

*

ఆ ఒక్క కాగితం రెండయింది, నాలుగయింది, టాబ్లాయిడ్ అయింది. 1980లో ‘ది వాషింగ్టన్ బ్లేడ్’ అని పేరు మార్చుకుంది. తర్వాత వారపత్రికయింది. 1976లో లూ చిబారో అనే కుర్రాడు అందులో రాయడం మొదలుపెట్టాడు. అతనూ మొదట్లో లూ రొమానో అన్న మారుపేరుతోనే రాశాడు. తర్వాత సొంత పేరుకి వచ్చి దశాబ్దాల పాటు ఆ పత్రికలోనే విలేకరిగా ఉండిపోయాడు. ఒకే మనిషి బైలైను రెండు పేర్లలో ఉండటం, ఆ రెంటి మధ్య ఊరు ఎంత మారిందో చెప్పకనే చెబుతుంది. ఫెడరల్ సివిల్ సర్వీసు ఆ నిషేధాన్ని 1975లో ఎత్తేసింది. భయం మాత్రం ఉత్తర్వుతో పోయేది కాదు.

1977 అక్టోబరు 24న ఆగ్నేయ వాషింగ్టన్‌లో సినిమా ఫాలీస్ అనే థియేటర్ తగలబడింది. గే సినిమాలు వేసే చోటు అది. తొమ్మిదిమంది పోయారు. వాళ్ళలో పెళ్ళయిన వాళ్ళున్నారు. ఆ సాయంత్రం వాళ్ళక్కడ ఉన్న సంగతి ఇంట్లోవాళ్ళకి తెలీదు. ఒక మనిషి చావు వార్తే అతని రహస్యాన్ని బయటపెట్టే వార్త అయిపోయింది. పత్రిక అన్నాక పేర్లు వెయ్యాలి, వెయ్యకూడదు కూడా. ఈ చిక్కు పెద్ద దినపత్రికలకు ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఇలాంటి సమాజపు పత్రికలకు వారం వారం వస్తుంది.

ఆ తర్వాత ఎయిడ్స్ కాలం. 1987 అక్టోబరు 11న నేషనల్ మాల్ మైదానంలో పోయినవాళ్ళ పేర్లు కుట్టిన బొంతను మొదటిసారి పరిచారు. 1,920 గుడ్డ పలకలు. ఆ ఏళ్ళలో ఏ ఊరి గే పత్రిక తిరగేసినా మరణవార్తల పేజీ దగ్గర చెయ్యి ఆగిపోతుంది. చాలామందికి ఊళ్ళోని పెద్ద పత్రిక రాసే చావు వార్తలో జబ్బు పేరు ఉండదు, కలిసి బతికిన మనిషి పేరు ఉండదు. అవి రెండూ ఉండేది ఇక్కడే. పాత సంచికలు పోతే కొందరి విషయంలో వాళ్ళు ఎవరిని ప్రేమించారన్న ఒకే ఒక్క సాక్ష్యం పోతుంది. భద్రపరచడమంటే ఏమిటో ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదనుకుంటాను.

*

ఇదే ఊళ్ళో, ఇవే ఏళ్ళలో, ఇంకో రకం కాగితాలు తయారవుతున్నాయి. తయారుచేసేవాళ్ళు హైస్కూలు పిల్లలు.

1970ల చివర బ్యాడ్ బ్రెయిన్స్ అనే నల్లజాతి కుర్రాళ్ళ బృందం ఎవరూ విననంత వేగంగా పంక్ సంగీతం వాయించడం మొదలుపెట్టింది. వాళ్ళని చూసి ఊళ్ళో కుర్రాళ్ళు గిటార్లు పట్టారు. 1980 చివర్లో ఇయన్ మెకాయ్, జెఫ్ నెల్సన్ తమ టీన్ ఐడిల్స్ బృందం పాటల్ని తామే రికార్డు వేసుకున్నారు. ఆ రికార్డుతో డిస్కార్డ్ రికార్డ్స్ పుట్టింది. పెద్ద కంపెనీల గడప తొక్కకుండా అది ఇప్పటికీ నడుస్తోంది.

పాటలు వేసుకున్నట్టే పత్రికలూ వేసుకున్నారు. వాటిని ఫ్యాన్‌జీన్లు, పొట్టిగా జీన్లు అంటారు. క్యాపిటల్ క్రైసిస్, బార్బరా రైస్ నడిపిన ట్రూలీ నీడీ, షారన్ చెస్లో, కాలిన్ సియర్స్ కలిసి తెచ్చిన ఇఫ్ దిస్ గోస్ ఆన్. వీటి తయారీ చూస్తే నవ్వొస్తుంది. టైపు కొట్టిన ముక్కల్ని కత్తెరతో కత్తిరించి, ఫోటోల మీద అడ్డదిడ్డంగా జిగురుతో అంటించి, చోటు మిగిలితే పెన్నుతో రాసి, జెరాక్స్ తీసి, మధ్యకి మడిచి రెండు పిన్నులు కొట్టడమే. కచేరీల దగ్గరా, రికార్డుల కొట్లలోనూ అమ్మేవాళ్ళు. ఇంకో ఊరి జీన్‌తో మార్చుకునేవాళ్ళు. లాభం మాట ఎవరికీ తట్టనేలేదు.

1991 వేసవికి వద్దాం. ఆ మే నెలలో మౌంట్ ప్లెజెంట్ పేటలో పోలీసులు ఒక సాల్వడోర్ వలస యువకుణ్ణి కాల్చడంతో అల్లర్లు రేగాయి. ఆ వేసవిలోనే బ్రాట్‌మొబైల్ బృందంలోని ఆలిసన్ వుల్ఫ్, మాలీ న్యూమన్ ‘రయట్ గర్ల్’ అనే చిన్న జీన్ మొదలుపెట్టారు. ఆ పేట అల్లర్ల మాట ఆ పేరులో ఉంది. గర్ల్ అన్న మాటలో అక్షరాలు మార్చి, గుర్రుమన్న శబ్దం వచ్చేలా రాశారు. తొలి ప్రతులు ఒక కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసులోని జెరాక్స్ మెషీను మీద తీశారు. ప్రభుత్వోద్యోగుల ఊరు మరి, జెరాక్స్ మెషీన్లకేం కొదవ! ఇంట్లో, స్కూల్లో, కచేరీలో ఆడపిల్లల మీద జరిగే హింస గురించి మామూలు పత్రికలు రాయని మాటలు అందులో రాశారు. కొద్ది నెలల్లో అదొక ఉద్యమం పేరయింది.

గే పత్రికకీ పంక్ జీన్‌కీ పోలికేమిటి అనొచ్చు. నిజమే, వీళ్ళ ఊసు వాళ్ళకి అంతగా పట్టలేదు. పంక్ కచేరీల్లో గే కుర్రాళ్ళు హాయిగా ఉన్నారనీ చెప్పలేం. రెండూ ఒకే అవసరంలోంచి పుట్టాయి, అదీ పోలిక. పొద్దున్నే గుమ్మంలో పడే దినపత్రికలో మన జీవితం లేకపోతే మన పత్రిక మనమే వేసుకోవాలి. ఇంకో పోలిక కూడా ఉంది. రెంటినీ తయారుచేసినవాళ్ళు రేపటి చరిత్రకారుడి కోసం తయారుచెయ్యలేదు. ఈ శుక్రవారం సాయంత్రం కోసం చేశారు.

*

శుక్రవారం గడిచాక ఆ కాగితం ఏమవుతుంది? చాలావరకు చెత్తబుట్ట. మిగిలినవి మంచం కింద పెట్టెల్లో, అటకమీద.

గ్రంథాలయాలు వీటిని చాలాకాలం పట్టించుకోలేదు. పుస్తకానికి నంబరుంది, దినపత్రికకు మైక్రోఫిల్మ్ ఉంది. దీనికి ప్రచురణకర్త లేడు, తేదీ లేదు, రెండో సంచిక తర్వాత ఏడో సంచిక వస్తుంది. ఏ అరలో పెట్టాలి? పైగా 1970ల్లో గే పత్రికకు చందా కట్టడమంటే లైబ్రేరియన్ పైఅధికారికి జవాబు చెప్పుకోవాల్సిన పని.

అందుకని భద్రపరచడం ముందు మనుషుల మొండితనం మీద నడిచింది. ఫ్రాంక్ కమెనీ ఏ కాగితమూ పారేయలేదు. ప్రభుత్వం అతనికి రాసిన ఉత్తరాలు, అతను ప్రభుత్వానికి రాసినవి, 1965లో వైట్‌హౌస్ ముందు పట్టుకు నిలబడ్డ అట్టలు, అన్నీ ఇంటి అటకమీదే. 2006లో ఆ కాగితాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి, ఆ అట్టలు స్మిత్సోనియన్ మ్యూజియానికి వెళ్ళాయి. ఏ ప్రభుత్వం అతన్ని ఉద్యోగంలోంచి గెంటేసిందో ఆ ప్రభుత్వపు అలమరాలోకే. 2009లో ఫెడరల్ ఉద్యోగుల వ్యవహారాలు చూసే సంస్థ అధిపతి జాన్ బెరీ అతనికి అధికారికంగా క్షమాపణ చెప్పాడు. 1957 నుంచి లెక్కేస్తే 52 ఏళ్ళు. కాగితాలు దాచి ఉండకపోతే క్షమాపణ దేనికో కూడా ఎవరికీ గుర్తుండేది కాదు.

అదే 2009లో బ్లేడ్ కథ అడ్డం తిరిగింది. 2001లో ఆ పత్రికను విండో మీడియా అనే కంపెనీ కొంది. అప్పుల్లో కూరుకుపోయిన ఆ కంపెనీ 2009 నవంబరు 16న, సోమవారం, తన పత్రికలన్నీ మూసేసింది. నలభయ్యేళ్ళ పండుగ చేసుకోవాల్సిన ఏడాదిలో ఆఫీసుకి వచ్చిన ఉద్యోగులకు పత్రిక లేదన్నారు. నాలుగు రోజులు తిరిగేసరికల్లా వాళ్ళు ‘డీసీ ఏజెండా’ అని ఇంకో పేరుతో పత్రిక తెచ్చేశారు! వార్త ఆగలేదు. మరి పాత సంచికలు? 1969 నాటి ఒంటికాగితం మొదలుకొని ఫోటోలూ ఫైళ్ళూ అన్నీ దివాలా తీసిన కంపెనీ ఆస్తి. కుర్చీలు, బల్లలు, కంప్యూటర్లతో పాటు జాబితాలో ఒక అంశం. ఒక సమాజం జ్ఞాపకం అప్పులవాళ్ళ లెక్కలో పడింది. ఉద్యోగులే పేరునీ ఆర్కైవ్‌నీ తిరిగి కొనుక్కుని, 2010 ఏప్రిల్‌లో మళ్ళీ వాషింగ్టన్ బ్లేడ్ అని అచ్చు వేశారు.

ఈ కథలో అందరూ పత్రిక బతికినందుకు సంతోషిస్తారు. నాకు మాత్రం మధ్యలోని ఆ నెలలే గుర్తుంటాయి. ఆర్కైవ్ ఎవరి చేతిలో ఉందన్నది, అందులో ఏముందన్న దాంతో సమానమైన ప్రశ్న. ఇప్పుడు ఆ పాత సంచికలను డీసీ ప్రజా గ్రంథాలయం తన ‘డిగ్ డీసీ’ సైటులో పెట్టింది. ఎవరైనా, ఎక్కడినుంచైనా, ఉచితంగా చదువుకోవచ్చు. ఒక ప్రతి ఆఫీసులో, ఒకటి మైక్రోఫిల్మ్‌లో, ఒకటి ప్రజల చేతిలో ఉంటే, రేపు ఎవడు దివాలా తీసినా భయం లేదు.

*

అదే గ్రంథాలయం 2014లో డీసీ పంక్ ఆర్కైవ్ మొదలుపెట్టింది. మీస్ వాన్ డెర్ రోహె గీసిన, నల్లటి ఉక్కూ గాజూ పెట్టి కట్టిన మార్టిన్ లూథర్ కింగ్ గ్రంథాలయం అది. 1972లో తెరిచారు. జీన్లు, పోస్టర్లు, క్యాసెట్లు, ఫోటోలు జనం దగ్గర్నుంచి సేకరించారు. అంతటితో ఊరుకోకుండా గ్రంథాలయంలోనే పంక్ కచేరీలు పెట్టారు. ‘నిశ్శబ్దం పాటించండి’ అన్న బోర్డు చూస్తూ పెరిగిన మనకు ఇది విడ్డూరమే. ఆలోచిస్తే తెలివైన పని. పెట్టెలు ఇచ్చేవాళ్ళకి ముందు ఆ చోటు మీద నమ్మకం కుదరాలి కదా. పక్కనే మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో డీసీ పంక్, ఇండీ ఫ్యాన్‌జీన్ల సేకరణ ఉంది. దాన్ని కట్టినవాడు జాన్ డేవిస్. అతను స్వయంగా క్యూ అండ్ నాట్ యు అనే డీసీ బృందంలో డ్రమ్స్ వాయించినవాడు.

ఈ పని ఎలా ఉంటుందో కాస్త చెప్పాలి. న్యూస్‌ప్రింట్ చవక కాగితం. కలప గుజ్జులోని లిగ్నిన్ తీయరు కాబట్టి, వెలుతురూ గాలీ తగిలేకొద్దీ పసుపెక్కి, పెళుసై, మడత దగ్గర విరుగుతుంది. జీన్‌కి కొట్టిన పిన్ను తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తుంది. ఒక్కో పిన్నూ మెల్లగా ఊడదీయాలి, ఆమ్లం లేని అట్టల్లో పెట్టాలి. తేదీ ఉండదు కాబట్టి లోపలున్న కచేరీ ప్రకటనల్ని పట్టుకుని, ఆ బృందం ఆ హాల్లో ఎప్పుడు వాయించిందో చూసి, నెలా సంవత్సరమూ ఊహించాలి. తాళపత్రాల కాలం తేల్చేవాళ్ళు చేసే పనే ఇదీ. కాకపోతే ఇక్కడ ఆధారం గ్రహణం కాదు, ఐదు డాలర్ల టికెట్టు.

స్కాన్ చేశాక ఇంకో తంటా. బ్లేడ్ లాంటి పత్రిక వరుసగా, కాలమ్‌లుగా ఉంటుంది. కంప్యూటరు అక్షరాలు చదివేస్తుంది, పేరు కొడితే పేజీ దొరుకుతుంది. జీన్‌లో అక్షరాలు పక్కకీ తలకిందులుగానూ, ఫోటో మీదా, చేతిరాతలోనూ ఉంటాయి. యంత్రానికి అదంతా గజిబిజి. మనిషే కూచుని చదివి, ఎవరి గురించి రాశారో విడిగా రాసిపెట్టాలి.

*

యంత్రం చదవలేకపోవడమే ఒక్కోసారి మేలేమో.

1984లో శాన్ ఫ్రాన్సిస్కోలో ‘ఆన్ అవర్ బ్యాక్స్’ అని లెస్బియన్లు తమ కోసం తెచ్చుకున్న శృంగార పత్రిక ఒకటి మొదలైంది. రివీల్ డిజిటల్ అనే సంస్థ దాని సంచికలన్నీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టింది. అచ్చు హక్కుల అనుమతి తీసుకుంది కూడా. కానీ ఆ ఫోటోల్లో ఉన్న ఆడవాళ్ళు ఒప్పుకున్నది కొన్ని వేలమంది తమలాంటి వాళ్ళు చదివే కాగితపు పత్రికకు. పేరు కొడితే ఇంటి యజమానికీ, పై ఆఫీసరుకీ, పెరిగిన పిల్లలకీ కనిపించేదానికి కాదు. టారా రాబర్ట్‌సన్ అనే లైబ్రేరియన్ ఈ మాట గట్టిగా అడిగింది. 2016 ఆగస్టులో ఆ సంచికలను సైటులోంచి తీసేశారు.

తీసెయ్యడం ఒప్పా, తప్పా? నేను రెండు వైపులా ఆలోచించాను. దాచిపెట్టడమే ఆ సమాజానికి ఇన్నాళ్ళూ జరిగిన అన్యాయం. మళ్ళీ మనమే దాచేస్తే? అయితే వేరేవాళ్ళు దాచెయ్యడం ఒకటి, మనంతట మనం ఎవరికి చెప్పాలో ఎంచుకోవడం ఇంకొకటి. 1991లో పదహారేళ్ళ పిల్ల తన మీద జరిగిన ఘోరం జీన్‌లో రాసి, యాభై ప్రతులు తీసి, చేతిలో చెయ్యేసి ఇచ్చినట్టు ఇచ్చింది. ఇవాళ ఆమె ఏ బళ్ళోనో టీచరు కావొచ్చు. ఆ యాభైమందికి చెప్పడమూ, ప్రపంచానికి చెప్పడమూ ఒకటి కావు. 2015లో జీన్ లైబ్రేరియన్లు కలిసి రాసుకున్న నియమావళి ఈ తేడానే పట్టుకుంది: వీలైనంతవరకు రాసినవాళ్ళని వెతికి అడగండి, తీసెయ్యమంటే మాట వినండి, చట్టం ఒప్పుకుందని ఊరుకోకండి. ఇలా అడుగుతూ పోతే పని నత్తనడకన సాగుతుంది. సాగనీ.

*

భద్రపరచినదాంట్లో ఏం లేదో కూడా చూడాలి. 1970 జనాభా లెక్కల్లో వాషింగ్టన్ వాసుల్లో 70 శాతం పైగా నల్లజాతివారు. బ్లేడ్ తొలి పేజీలూ, పంక్ జీన్లలో చాలా ఫోటోలూ చూస్తే ఆ సంగతి తట్టదు. ఆ కొరత కనిపించే, 1979లో సిడ్నీ బ్రింక్లీ ‘బ్లాక్‌లైట్’ అని నల్లజాతి గేల కోసం పత్రిక మొదలుపెట్టాడు. ఊళ్ళో అలాంటిది అదే మొదటిది. ఇక ఆ నల్ల వాషింగ్టన్ సొంత సంగీతం గో-గో. చక్ బ్రౌన్ దానికి పెద్దదిక్కు. అది జీన్ల మీద నడవలేదు. కచేరీలో రికార్డు చేసి చేతులు మారిన క్యాసెట్ల మీదా, కరెంటు స్తంభాలకు కట్టిన రంగురంగుల పోస్టర్ల మీదా నడిచింది. కాగితం మాత్రమే దాచే ఆర్కైవ్ కాగితం మీద రాసుకున్నవాళ్ళ చరిత్రే దాస్తుంది. పంక్ ఆర్కైవ్ ఉన్న గ్రంథాలయమే గో-గో ఆర్కైవ్‌నీ పెట్టుకుంది. ఆ రెండు పెట్టెలూ ఒకే కప్పు కింద ఉంటే గాని అది ఆ ఊరి చరిత్ర అనిపించుకోదు.

చివరగా నా సొంత సంగతి ఒకటి. కాలేజీ హాస్టల్లో ఉండగా మేం నలుగురం సైక్లోస్టైల్ మీద ఒక పత్రిక తీశాం. ఐదు సంచికలు. మూడో సంచికలో మాలో ఒకడు ఆడపేరుతో కథ రాశాడు, హాస్టల్లో పై గది కుర్రాణ్ణి ప్రేమించిన ఒక మనిషి కథ. ఆడపేరుతో ఉంది కాబట్టి అమ్మాయి కథే అనుకున్నాం, బావుందని భుజం తట్టాం. హాస్టల్లో అమ్మాయెలా ఉంటుందిరా అని ఒక్కడమూ అడగలేదు. అది అర్థం కావడానికి నాకు ఇరవయ్యేళ్ళు పట్టింది. ప్రతులన్నీ మా ఇంట్లోనే కట్ట కట్టి ఉండేవి. ఇల్లు మారుతున్నప్పుడు పాత పేపర్లవాడికి కిలోల లెక్కన నేనే తూచి ఇచ్చేశాను.

ఆ సంచిక ఇప్పుడు దొరికితే ఏం చేస్తానా అనుకుంటాను. ఆ కథ అచ్చయింది అక్కడొక్కచోటే. అతనిప్పుడు ఎక్కడున్నాడో తెలీదు. స్కాన్ చేసి పెట్టే ముందు అతన్ని వెతకాలి, అడగాలి. వద్దంటే అలమరాలో పెట్టి తాళం వెయ్యాలి, కానీ పారెయ్యకూడదు. ఆ రెంటికీ ఉన్న తేడా తెలిసేనాటికి నా దగ్గర కాగితం లేదు.